నేరేడు పేరున్న మూలకం

అయొడిన్‌కు ఒకప్పుడు హిందీలో జంబుకి అని పేరు. ఆ మాట నేను మొదటిసారి చదివింది రాయ్‌పూర్‌లో. గోల్ బజార్ పక్క సందులో పాత పుస్తకాలు అమ్మేచోట అట్ట ఊడిన హిందీ రసాయనశాస్త్రం ఒకటి చేతికి తగిలింది. నిలబడే నాలుగు పుటలు తిప్పాను. చిన్నప్పుడు చదువుకున్న శాస్త్రమే, కానీ ఒక్క పేరూ ఎరిగినది కాదు. జారక, ప్రాంగార, భూయాతి, దహాతు, తరస్విని. ఏ యక్షగానంలోనో రంగం మీదికి వచ్చే పాత్రల పేర్లలా ఉన్నాయి. జంబుకి దగ్గర ఆగిపోయాను. తెలుగు చెవికి జంబుకం అంటే నక్క. అయొడిన్‌కూ నక్కకూ ఏం చుట్టరికం అనుకుంటూనే పుస్తకం కొనుక్కుని బయటికి వచ్చాను.

ఆషాఢం వెళ్లిపోతున్న రోజులు. బూఢా తాలాబ్ వైపు నడుస్తుంటే తోపుడు బండి నిండా నేరేడు పళ్లు. బండతను దొన్నెలో పోసి పైన ఉప్పు చల్లి ఇచ్చాడు. పది పళ్లు తినేసరికి వేళ్లు, పెదవులు, నాలుక అన్నీ ఊదారంగు. చంకలో పుస్తకం, చేతిలో దొన్నె. అప్పుడు తట్టింది. జంబు అంటే నేరేడు. పూజకు కూర్చున్నప్పుడల్లా సంకల్పంలో మనం పేరు చెప్పుకునే జంబూద్వీపం నేరేడు చెట్ల దీవి. అయొడిన్‌కు ఆ పేరు పెట్టినాయన దాని ఆవిరి రంగు చూసి, ఈ పండు రంగు తలచుకున్నాడు.

అయొడిన్ వేడెక్కడం ఒక్కసారి చూసినవాళ్లు మరిచిపోరు. గాజు కుప్పె అడుగున చిటికెడు పలుకులు. కాటుక మీద వెండి పూత వేసినట్టు నల్లగా, సన్నటి మెరుపుతో ఉంటాయి. కింద సన్నని మంట పెడతారు. కాసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత పలుకుల అంచులు చెదిరి ఊదారంగు లేస్తుంది. పొగలాగా పైకి పరుగెత్తదు. బరువైన ఆవిరి అది, కుప్పె అడుగునే మెల్లగా మెసలుతూ ఒక్కో వేలెడు ఎత్తూ నింపుకుంటూ వస్తుంది. పైన చల్లటి గాజు తగిలినచోట మళ్లీ నల్లటి పలుకులై అతుక్కుంటుంది. మా తరగతిలో అరవైమందిమి ఉండేవాళ్లం. ఆ రంగు కుప్పె మెడదాకా వచ్చేసరికి ఎవరి గొంతూ వినబడలేదు.

1811లో ఫ్రాన్సులో బెర్నార్డ్ కుర్త్వా అనే సూరేకారం వ్యాపారి సముద్రపు నాచు బూడిదలోంచి ఈ ఊదా ఆవిరిని మొదట చూశాడు. పేరు పెట్టినవాళ్లు గ్రీకులో ఊదారంగు పువ్వు పేరు తీసుకున్నారు. ఆ పువ్వు మన వైపు పెరట్లో పూయదు, మన పాటల్లో లేదు. కాబట్టి అయొడిన్ అన్న మాట మనకు రంగు చూపించదు, ఉత్త చప్పుడుగానే మిగులుతుంది. జంబుకి అన్నప్పుడు మాత్రం నాలుక మీదికి వగరు వస్తుంది. గ్రీకు మాటను సంస్కృతంలోకి మార్చాలనుకున్న పండితుడు నిఘంటువు తెరిస్తే అక్కడ ఏదో ఒక పువ్వు దొరికి ఉండేది. ఈయన మళ్లీ కుప్పెలోకి చూశాడని, చూసిన కళ్లతోనే నేరేడు చెట్టు వైపు తిరిగాడని నాకు అనిపిస్తుంది. ఒక పదాన్ని నేను కవిత్వం అనడానికి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

ఆయన ఆచార్య రఘువీర. 1902లో రావల్పిండిలో పుట్టిన సంస్కృత పండితుడు. లాహోర్‌లో పెట్టిన తన విద్యాసంస్థను నాగపూర్‌కు తెచ్చుకున్నారు. అప్పుడు నాగపూర్ రాజధానిగా ఉన్న మధ్య పరగణాలు, బేరార్ రాష్ట్రానికి ప్రధాని పండిత రవిశంకర్ శుక్ల, రాయ్‌పూర్‌లో వకీలుగా పేరు తెచ్చుకున్న మనిషి. పరిపాలనా చదువూ మన భాషల్లో సాగాలని పట్టుబట్టినవాడు. ఆయన అండతో రఘువీర శాస్త్రాలన్నిటికీ పదాలు కూర్చారు. 1955లో వచ్చిన సమగ్ర ఇంగ్లిష్–హిందీ నిఘంటువు ఆ శ్రమకు శిఖరం. శుక్లగారు 1956 డిసెంబరు 31న పోయారు, కొత్త మధ్యప్రదేశ్‌కు ముఖ్యమంత్రి అయి అప్పటికి సరిగ్గా రెండు నెలలు. 1964లో రాయ్‌పూర్‌లో వెలసిన విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఈ ఊరి పిల్లలు రోజూ పలికే పేరు అది. ఆయన ఇష్టపడి రాయించిన పేర్లు మాత్రం ఎవరి నోటా లేవు.

రఘువీర పేర్లను ముద్దగా చూస్తే బరువనిపిస్తాయి. విడివిడిగా నోట వేసుకోవాలి. హాలజన్ల కుటుంబాన్నే తీసుకోండి. నాలుగూ ఆడపేర్లు. తరస్విని, నీరజి, దురాఘ్రి, జంబుకి. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్. ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరసలో ఒకరి కింద ఒకరు నిలబడ్డ నలుగురు అక్కచెల్లెళ్లు. తరస్ అంటే వేగం, బలం కూడా. లాటిన్‌లో ఫ్లోరిన్ పేరుకు అర్థం ప్రవాహం. లోహాలు కరిగించేటప్పుడు ఫ్లోరిన్ ఉన్న ఖనిజం వేస్తే కరుగు పలచనై పారుతుందని ఆ పేరు వచ్చింది. తరస్వినిలో ఆ పరుగూ ఉంది, ఆ మూలకం స్వభావమూ ఉంది. తాకిన ప్రతిదానితోనూ కలబడే గాలి అది. విడిగా పట్టుకోబోయి గాయపడినవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. 1886లో హెన్రీ మ్వాసాన్ దాన్ని వేరుచేయగలిగాడు, 1906లో నోబెల్ అందుకున్నాడు. తరస్విని అని పిలిస్తే కత్తి దూసిన రాణి కళ్ల ముందు నిలుస్తుంది. ఫ్లోరిన్ అంటే టూత్‌పేస్టు గుర్తొస్తుంది.

దురాఘ్రి అంటే ముక్కు మూసుకోవలసినది. దుర్, ఆఘ్రాణం. బ్రోమిన్ అన్న గ్రీకు మాటకూ కంపు అనే అర్థం. ఎర్రమట్టి రంగులో, బరువుగా, మూత తీయగానే కళ్లు మండించే ద్రవానికి ఇంత ముక్కుసూటి పేరు పెట్టి, హిందీలో చివర ఒక దీర్ఘంతో దాన్ని స్త్రీని చేశారు రఘువీర. నీరజి వింటే తెలుగువాడికి తామర పువ్వు మెదులుతుంది. మన పాత తెలుగు పుస్తకాల్లో క్లోరిన్ పేరు హరితం. గ్రీకులో ఆ పేరుకు అర్థం లేతాకుపచ్చ, కాబట్టి హరితం సూటిగా ఉంది. ఇక్కడ మాత్రం నా ఓటు తెలుగుకే. ఆ పసరు రంగు గాలిని గాజు సీసాలో చూసినవాడికి హరితం అన్న మాట చాలు.

లోహాలకు రఘువీర పెట్టిన పేర్ల చివర ఆతు అని వినిపిస్తుంది, ధాతువులోంచి తీసిన తునక. క్షారాతు సోడియం. చూర్ణాతు కాల్షియం, సున్నపు ధాతువు. భ్రాజాతు మెగ్నీషియం, వెలిగిస్తే కళ్లు జిగేలుమనే తెల్లటి మంట. కిరణాతు యురేనియం, తేజాతు రేడియం. వర్ణాతు క్రోమియం, దాని లవణాలు పచ్చ, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో పలుకుతాయి. దహాతు పొటాషియం. దీని ముందు ఇంగ్లిష్ పేరు ఎంత ఇంటి పేరో చూడండి. కుండలో కాచిన బూడిద అని అర్థం. కట్టెల బూడిదను నీళ్లలో కలిపి, వడకట్టి, కుండలో మరగబెడితే మిగిలేది పొటాష్. అందులోంచి 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్తు పంపి ఈ లోహాన్ని రాబట్టాడు. కిరసనాయిల్లో దాచిన ముక్కను కత్తితో కోస్తే మైనంలా తెగుతుంది. కోసిన ముఖం ఒక్క క్షణం వెండిలా మెరిసి మసకబారుతుంది. ఆ తునకను నీళ్లలో వేస్తే నీటి మీదే మండుతుంది, లేత ఊదా మంటతో అటూ ఇటూ బుసకొడుతూ పరుగెత్తి. నీళ్లు నిప్పును ఆర్పుతాయని నమ్మిన పిల్లవాడికి అది చూపించి దహాతు అని పేరు చెబితే జన్మంతా మరిచిపోడు. అయినా కుండ బూడిద మీద కూడా నాకు మమకారం ఉంది. ఒక పేరు ఆ లోహం పుట్టింటిని చెబుతోంది, ఇంకొకటి దాని గుణం చెబుతోంది.

స్ఫట్యాతు అల్యూమినియం. పలకడానికి కష్టం, ఒప్పుకుంటాను. కానీ గోల్ బజార్‌లోనే పచారీ దుకాణానికి వెళ్లి ఫిట్‌కరీ అడగండి. గల్లుప్పులా తెల్లగా, అంచులు అద్దంలా ఉన్న గడ్డ తీసి ఇస్తాడు. మన పటిక. బురదనీళ్లు తేరడానికి కుండలో తిప్పేది, గడ్డం గీసుకున్నాక మంగలి చెంపకు రుద్దేది. స్ఫటిక అన్న మాటే అరిగి అరిగి మనకు పటిక అయింది, హిందీవాళ్లకు ఫిట్‌కరీ అయింది. లాటిన్‌లో పటికను అలుమెన్ అంటారు, దానిలోంచి అల్యూమినియం. అంటే లాటిన్ మాట పట్టుకున్న పండితుడూ రఘువీరా వేర్వేరు దారుల్లో నడిచి ఒకే పటిక గడ్డ ముందు ఆగారు. కోర్బాలో పొయ్యిలు కరిగించే లోహం, మనం సంగటి వండుకునే గిన్నె, మంగలి పెట్టెలోని గడ్డ, ఈ మూడూ ఒక్కటేనని చెప్పేది ఆ పేరొక్కటే.

అన్నీ మెచ్చుకోలేను. గంధకానికి ఆయన శుల్బారి అన్నారు. శుల్బం అంటే రాగి, దానికి శత్రువు. నిజమే, గంధకం తాకితే రాగి నల్లబడుతుంది, మాటా పాతదే. కానీ గంధకం అన్న మాట ఉండగా ఇది ఎందుకు? వాసనను పేరులోనే కట్టుకున్న పదం గంధకం. దీపావళి మర్నాటి తెల్లవారుజామున వీధిలో నిలబడి ముక్కుతో చదవగల పదం. దాన్ని తీసి పక్కన పెట్టడం నాకు బాధగానే ఉంది.

గంధకం తలిస్తే పాదరసం రాకతప్పదు. మన రసశాస్త్రంలో పాదరసం శివుడిది, గంధకం పార్వతిది. రెండింటినీ కల్వంలో వేసి నూరుతారు. వెండిలా జారే చుక్కలు చిన్నవై, ఇంకా చిన్నవై, కనబడకుండా పోయి, చివరికి కాటుకలాంటి నల్లటి పొడి మిగులుతుంది. దాని పేరు కజ్జలి. అదే పొడిని సీసాలో పెట్టి కాస్తే ఆవిరై, మెడ దగ్గర ఎర్రగా పేరుకుంటుంది. రససింధూరం. గనిలో పుట్టిన అదే ఎరుపును తెలుగులో ఇంగిలీకం అంటాం. తెలుపు, పసుపు కలిసి నలుపై, నలుపు నిప్పులో ఎరుపవడం! ఇది చూసినవాళ్లు ఈ ద్రవలోహానికి రసం అని పేరు పెట్టారు. కావ్యం చదివితే పుట్టేదానికీ అదే పేరు, చారుకీ అదే పేరు, చెరకు గడ లోపలిదానికీ అదే పేరు. గ్రీకులు దీన్ని నీటివెండి అన్నారు, చూసింది చూసినట్టు. మనవాళ్లు రసం అన్నారు. రసాయనం అన్న మాటలోనూ ఉన్నది ఆ రసమే.

రాయ్‌పూర్‌లో ఈ మాట అనుకోకుండా ఉండలేం. 1948లో మొదలైన ఇక్కడి ప్రభుత్వ సైన్స్ కాలేజీకి నాగార్జునుడి పేరు ఉంది. మనం శ్రీశైలం అడవుల్లో, కృష్ణ ఒడ్డున వెతుక్కునే నాగార్జునుణ్ని ఈ ప్రాంతం తనవాడంటుంది. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయెన్ త్సాంగ్ దక్షిణ కోసల గురించి రాస్తూ ఆ కథ చెప్పాడు. రాజు కొండలో విహారం తొలిపిస్తున్నాడు, బొక్కసం ఖాళీ అయింది, నాగార్జునుడు బండల మీద మందు చిలికితే అవి బంగారమయ్యాయి. ఛత్తీస్‌గఢ్ ఆనాటి దక్షిణ కోసలే. శూన్యవాదం చెప్పిన నాగార్జునుడు వేరు, రసవాదం చేసిన నాగార్జునుడు వేరు అని చరిత్రకారులు అంటారు, ఒప్పుకుందాం. నేను ఆ పేరు దగ్గరే ఆగుతాను. రసశాస్త్రంలో నాగం అంటే సీసం. అర్జునం అంటే తెల్లనిది. మసకబారిన సీసంతో మొదలై తెల్లటి మెరుపు దగ్గర ముగిసే పేరు. రసవాది బతుకంతా ఆ నాలుగక్షరాల్లో ఉన్నట్టు నాకు వినిపిస్తుంది. పెట్టినవాళ్లు అలా అనుకుని పెట్టి ఉండకపోవచ్చు, వినేవాడికి ఆ హక్కు ఉంది.

1875లో స్థాపించిన మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఈ ఊళ్లోనే ఉంది. సిర్పూర్‌లో దొరికిన బౌద్ధ కంచు విగ్రహాలు అక్కడ చూడవచ్చు. మూరెడు ఎత్తు కూడా ఉండని మూర్తి ముందు తల వంచి నిలబడాలి. ఒళ్లంతా బంగారు పూత. కళ్లలో వెండి పొదిగారు. పెదవులకు రాగి. రాగి ఎరుపు పెదవికి సరిపోతుందని, తడి కంటి తెలుపు వెండికే ఉందని ఆ శిల్పి ఎంచుకున్నాడు. రాగి, తగరం కలిస్తే కంచు, దాని మీద బంగారం, కంటికి వెండి. అరచేతిలో పట్టే ముఖంలో నాలుగు మూలకాలు, ఒక్కోటీ తన గుణం చెబుతూ. అది కూడా ఒక పట్టికే, నిలువు అడ్డ గళ్లు లేకుండా రాసినది.

ఈ నేల మీద మూలకాలకు ఇంకా పాత పేర్లు ఉన్నాయి. మైకల్ కొండల్లో ఇనుము కరిగించే అగరియాలు ఇనుమును లోహాసురుడు అంటారు. బొగ్గు కోయిలాసురుడు, నిప్పు అగ్యాసురుడు. మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద పుస్తకం రాశాడు. మట్టి కొలిమిలో ముగ్గురు అసురులు కలిస్తే ఇనుము దిగుతుంది. కర్బనం ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుపోతుందని మనం సమీకరణం రాస్తాం. వాళ్లు ముగ్గురి పేర్లు చెప్పి ముందు మొక్కుతారు.

ఇప్పుడు ఆక్సిజన్. పాత తెలుగు పుస్తకాల్లో ఇది ఆమ్లజని. 1787లో లవోయిజే, ఆయన మిత్రులు ఫ్రెంచిలో పేర్లన్నీ కొత్తగా కట్టినప్పుడు, పులుపులన్నిటికీ ఈ వాయువే మూలం అనుకున్నారు. గ్రీకులో పులుపును పుట్టించేది అని పేరు పెట్టారు. కొన్నేళ్లకే డేవీ క్లోరిన్ ఒక మూలకమేనని తేల్చాడు, ఉప్పు నుంచి తీసే ఘాటైన ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని తెలిసింది. పొరపాటు తెలిసినా పేరు మారలేదు. జర్మన్లు, రష్యన్లు, జపనీయులు తమ తమ భాషల్లో ఆ పులుపునే అనువదించుకున్నారు. మన ఆమ్లజనీ అంతే. ఎంతో నమ్మకంగా, ఎంతో అందంగా, లవోయిజే పొరపాటును తెలుగు చేశాం.

రఘువీర దగ్గర ఇది జారక. జౄ అనే ధాతువు, జీర్ణం అనే మాట పుట్టిన చోటు. జీర్ణం అంటే అరిగినది అనీ అర్థమే, పాతబడి శిథిలమైనది అనీ అర్థమే. తిన్న అన్నం జీర్ణమవుతుంది, పాత గుడి కూడా జీర్ణమవుతుంది, అందుకే జీర్ణోద్ధరణ అంటాం. రసశాస్త్రంలో జారణ ఒక ప్రక్రియ పేరు. ఇక ఆక్సిజన్ చేసే పనులు చూడండి. ఇనుప గుమ్మానికి తుప్పు పట్టిస్తుంది. పొయ్యిలో కట్టెను బూడిద చేస్తుంది. ఒంట్లో తిన్నదాన్ని వేడిగా, శక్తిగా మారుస్తుంది. తుప్పు, మంట, ఆకలి, ముసలితనం. ఈ నాలుగూ ఒకే పని అని తెలుసుకోవడానికి రసాయనశాస్త్రానికి వందలేళ్లు పట్టింది. సంస్కృతంలో ఒక ధాతువు వాటిని ఎప్పుడో ఒక గూటికి చేర్చి పెట్టుకుంది, రఘువీర వెళ్లి ఆ గూడు తలుపు తీశారు. ఈ ఒక్క పేరు కోసం ఆయన మిగతా పేర్ల బరువంతా నేను మోస్తాను. గాలి పీల్చిన ప్రతిసారీ బతుకుతూ, కాస్త కాస్త జీర్ణమవుతూ ఉన్నామని మూడక్షరాల్లో ఇంకెవరు చెప్పారు?

తెలుగులో శాస్త్రం రాయాలని తపించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు పుట్టింది కూడా రవిశంకర్ శుక్ల పుట్టిన 1877లోనే. ఇద్దరూ నాగపూర్‌లో చదువుకున్నారు. తమ్ముణ్ని దగ్గర పెట్టుకుని చదివించిన అక్క భండారు అచ్చమాంబ, మన తొలి కథకురాలు, 1905లో కన్నుమూసింది రాయ్‌పూర్‌కు పొరుగున ఉన్న బిలాస్‌పూర్‌లో. ఆ మరుసటి ఏడు లక్ష్మణరావుగారు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టారు. శాస్త్రాన్ని తెలుగులోకి తేవాలన్న ఆ కోరిక ఎక్కడ మొలకెత్తిందో చూస్తే దారి ఈ మధ్య పరగణాల వైపే వస్తుంది. రైల్లో బిలాస్‌పూర్ స్టేషన్ దాటినప్పుడల్లా నాకు అచ్చమాంబ గుర్తొస్తారు.

మన పేర్లలో కొన్ని పోయాయి. ఉదజని, ఆమ్లజని, ఖటికం ఇప్పుడు పాత పుస్తకాల్లో. ఒక్క నత్రజని మాత్రం పొలంలో నిలబడింది. వరికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంతెంత వేయాలో రైతుకు చెప్పేటప్పుడు ఎవరూ నైట్రోజన్ అనక్కర్లేదు. ఫ్రెంచివాళ్లు ఈ వాయువును ప్రాణం లేనిది అనే అర్థంలో ఇప్పటికీ ఆజోట్ అంటారు. ఆ ప్రాణం లేనిదే వరి ఆకుకు పచ్చదనం. రఘువీర దీనికి భూయాతి అన్నారు. భూయః అంటే ఎక్కువ, గాలిలో 78 పాళ్లు అదే కదా. భాస్వరానికి మాత్రం ఆయన మాటా మన మాటా ఒకటే. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాంట్ మూత్రాన్ని మరగబెట్టి మరగబెట్టి, చీకట్లో వెలిగే మైనంలాంటి ముద్దను పట్టుకున్నాడు. గ్రీకులో దాని పేరుకు వెలుగు తెచ్చేది అని అర్థం, తెల్లవారుజామున పొడిచే చుక్కకూ అదే పేరు. మన వేగుచుక్క. పొలానికి భాస్వరం బస్తా మోసుకెళ్లే మనిషి భుజాన వేగుచుక్క పేరు ఉంది.

1961లో కేంద్ర ప్రభుత్వం శాస్త్ర, సాంకేతిక పదాల సంఘాన్ని వేసింది. మూలకాల పేర్లు ప్రపంచమంతా వాడేవే ఉంచాలని నిర్ణయించింది. దానికి కారణం ఉంది, కాదనలేను. పిల్లలు హైడ్రోజన్ అని నేర్చుకుంటే ఎక్కడికి వెళ్లినా అదే. రఘువీర పదాలను రఘువీరీ హిందీ అని వెక్కిరించారు కూడా. ఆ వెక్కిరింత నాకు ఎప్పుడూ నచ్చలేదు. అన్నేసి వస్తువులను ఒక్కోదాన్నీ కొత్తగా చూసి, ఒక్కోదానికీ నోరారా పేరు పెట్టిన మనిషి ఆయన. 1963లో కాన్పూర్ దగ్గర కారు ప్రమాదంలో పోయారు.

ఆయనతో నాకు ఒకే ఒక్క పెద్ద పేచీ ఉండేది. హీలియం. అది మన మూలకం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి కూర్చుని, కప్పబడిన సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును విడదీసి చూశాడు. అదే ఏడు ఇంగ్లండులో లాక్యర్ ఆ జ్వాలల్లో ఒక పసుపు గీత చూసి, భూమి మీద ఎవరికీ తెలియని మూలకం గీత అది అన్నాడు. గ్రీకు సూర్యుడి పేరు పెట్టారు. భూమి మీద అది దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. ముందు సూర్యుడిలో, తర్వాత మన చేతిలో. ఇంత కథ ఉన్న మూలకానికి రఘువీర యానాతి అని పేరు పెట్టారు. యానం, ప్రయాణం. తేలిక కాబట్టి గాలి ఓడలను మోస్తుందని. సూర్యుణ్ని ఎలా వదిలేయగలిగారు? గుంటూరు ఆకాశాన్ని ఎలా మరిచారు? పుస్తకం మార్జిన్లో పెన్సిలుతో అర్కజని అని రాసుకున్నాను కూడా.

నిరుటి కార్తీకంలో ఒక సాయంత్రం తెలీబాంధా చెరువు గట్టున కూర్చున్నాను. బెలూన్ల అబ్బాయి సిలిండరు పక్కన నిలబడి ఉన్నాడు, తల మీద ఇరవై ముప్ఫై బెలూన్లు దారాలకు గుంజుకుంటున్నాయి. నాలుగేళ్ల పాప ఒకటి కొనుక్కుంది, పసుపుది. నాలుగడుగులు వేసిందో లేదో దారం జారింది. సిలిండర్లో ఉన్నది హీలియమైనా హైడ్రోజనైనా, బెలూను ఒక్కసారిగా ఎగరలేదు. దీపస్తంభం దాకా నింపాదిగా వెళ్లింది, అక్కడ గాలి తగిలి పడమటికి తిరిగింది. పాప ఏడుపు మొదలుపెట్టబోయి, తల పూర్తిగా వెనక్కి వంచి చూస్తూ ఏడవడం మరిచిపోయింది. ‘జా రహా హై’ అంది వాళ్లమ్మతో. వెళుతోంది. నీళ్ల అవతల పొద్దు కుంకుతోంది, బెలూను ఆ వెలుగులోకి వెళ్లి చిన్నదై, పసుపు పసుపులో కలిసి, ఏది ఏదో తెలియకుండా అయ్యేదాకా అందరం చూశాం. యానాతి అని నాలో నేనే రెండుసార్లు పలికి చూసుకున్నాను. ఇంటికి వచ్చాక పుస్తకం తీసి, మార్జిన్లో రాసుకున్న మాటను చెరిపేశాను.